తిరుగు టికెట్టు

గుంటూరు నుంచి విజయవాడ పోయే పెద్ద రోడ్డు పక్కన పెదకాకాని, నంబూరు, కాజ ఊళ్ళలో పిల్లలు పైచదువుకు విదేశం వెళ్ళడం వింత కాదు. వెళ్ళి అయిదు నెలలకే తిరిగి రావడం వింత. బీటెక్ మూడో ఏడు, ఫుడ్ టెక్నాలజీ చదువుతున్న పెదకాకాని అమ్మాయికీ ఆమె మేనమామకూ మధ్య నడిచిన మాటలు ఇవి. ఆ పిల్ల కాలేజీకి జర్మనీలో ఒక విశ్వవిద్యాలయంతో ఒప్పందం ఉంది. ఒక సెమిస్టరు అక్కడ చదివి, మార్కులు పట్టుకుని వెనక్కి రావాలి. ఖర్చు చాలావరకు యూరోపియన్ యూనియన్ వారి ఎరాస్మస్ పథకం భరిస్తుంది. మిగతా దానికి మేనమామ కావాలి. ఆయన సొంత పొలం ఎప్పుడో ప్లాట్లయిపోయింది. వట్టిచెరుకూరు వైపు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తున్నాడు. కల్లంలో కాయ ఎండుతున్న రోజులు. ఏడాది కారానికి కాయ కొనుక్కుందామని వెళ్ళిన నేను ఆ పని మరిచి అక్కడే కూర్చుండిపోయాను. విన్నది విన్నట్టే రాశాను, మావయ్య నోట దొర్లిన కొన్ని మాటలు తప్ప.

మావయ్య: నాకు అర్థంగాని సంగతి ఒకటే. ఎళ్తే ఎళ్ళు, నేను వద్దనను. మన బజార్లో అమెరికాలో పిల్లలు లేని ఇల్లేది? బీటెక్ అవగానే నువ్వూ ఎంఎస్‌కి ఎళ్ళు. బ్యాంకులోను పెడదాం, చాలకపోతే నేను సర్దుతా. ఈ అయిదు నెలల ముచ్చటేంది? డిగ్రీ రాదు, ఉద్యోగం రాదు. ఆగస్టులో పెట్టె ఈడ్చుకుంటా దిగితే ఊళ్ళో ఏమంటారో తెలుసా? వీసా పీకి పంపించేశారంటారు.

మేనకోడలు: అననీ మావయ్యా. వాళ్ళిచ్చిన కాగితంలోనే మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ రెండూ ఉన్నాయి. నేను వెళ్ళేదే రావడానికి.

మావయ్య: రావడానికే అయితే ఎళ్ళడం దేనికి?

మేనకోడలు: నువ్వు రోజూ పొలం వెళ్ళి ఇంటికి రావట్లేదా?

మావయ్య: పొలం ఎళ్ళొస్తే చేతిలో కాయ ఉంటది. నువ్వొస్తే ఏముంటది? సరే, మీ నాన్న ఏమన్నాడు?

మేనకోడలు: నిన్ను అడగమన్నాడు.

మావయ్య: వాడి తెలివి వాడిది. ఎంత కావాలి?

మేనకోడలు: మూడు లక్షలు. మొత్తం ఖర్చు కాదు, మొదట చేతిలో ఉండాల్సింది. చదువు ఫీజు అక్కడ కట్టక్కర్లేదు, ఇక్కడ మా కాలేజీకి కట్టేదే సరిపోతుంది. ఎరాస్మస్ కింద నెలకు 800 నుంచి 900 యూరోల దాకా ఇస్తారు. కానీ మొదటి విడత నేను అక్కడ దిగి బ్యాంకు ఖాతా తెరిచాకే పడుతుందట. అప్పటిదాకా టికెట్టు, వీసా ఫీజు, ఆరోగ్య బీమా, గదికి అడ్వాన్సు మనవే. పైగా నెలకు 992 యూరోలు బతకడానికి ఉన్నాయని జర్మనీ వాళ్ళకి చూపించాలి. వాళ్ళిచ్చేది అంతకు తక్కువ కాబట్టి మిగతాది మనం చూపాలి.

మావయ్య: యూరో ఎంతుంది ఇప్పుడు?

మేనకోడలు: వంద దాటింది.

మావయ్య: కాయ పదకొండు వేలు. యూరో వంద. బాగానే ఉంది వ్యాపారం.

(ఆ పదకొండు వేల సంగతి తెలియని వాళ్ళకు: 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కూలిపోతే కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. అంతకు ముందు ఇరవై వేలు చూసిన రైతు చెవిలో ఆ అంకె ఇంకా మోగుతూనే ఉంది.)

మేనకోడలు: అదే ఎంఎస్ అయితే ముప్ఫై నలభై లక్షలు, మావయ్యా. దానికి నువ్వు నోరెత్తకుండా సరేనంటావు.

మావయ్య: అంటా. ఎందుకంటే అది తిరిగొచ్చుద్ది. రెండేళ్ళు చదువు, మూడో ఏట ఉద్యోగం, ఆరేళ్ళకి అప్పు తీరుద్ది. ఎంతమందిని చూడలా? నీది ఎళ్ళిన డబ్బే, వచ్చే డబ్బు కాదు.

మేనకోడలు: ఆ లెక్క పాతది. 2023-24లో అమెరికాలో మన దేశపు పిల్లలు 3,31,602 మంది. చైనాని దాటేశాం. అంతమందికీ దాటాల్సిన గేటు ఒకటే, ఏడాదికి 85,000 హెచ్-1బీ వీసాలు. 2025 సెప్టెంబర్లో బయటి నుంచి వచ్చే కొత్త హెచ్-1బీ మీద లక్ష డాలర్ల రుసుము పెట్టారు. మన రూపాయల్లో ఎంతో లెక్కేసుకో. ఏ కంపెనీ కడుతుంది?

మావయ్య: అక్కడ చదివినోళ్ళకి అది లేదంటున్నారుగా.

మేనకోడలు: ఇవాళ లేదు. రేపు? పోనీ పాతది చెప్తా. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ అని ఒక యూనివర్సిటీ మూతపడింది. అందులో మన ఆంధ్రా పిల్లలే ఎక్కువ. కొందరి కాళ్ళకి రేడియో పట్టీలు తగిలించారు. 2019లో ఫార్మింగ్టన్ అని ఇంకోటి. అదైతే అసలు యూనివర్సిటీయే కాదు, అక్కడి ప్రభుత్వమే వేసిన వల. పట్టుకున్న 130 మందిలో 129 మంది మన దేశం వాళ్ళు.

మావయ్య: అమ్మాయ్, కాయలో తాలు ఉందని పంట మానేస్తామా? ఏరి పక్కన పెడతాం. మంచి యూనివర్సిటీ చూసుకుని ఎళ్ళు.

(ఇక్కడ మావయ్యది పైచేయి అని నేను ఒప్పుకోవాలి. మోసపోయిన వాళ్ళను చూపించి, బాగుపడ్డ వేలమందిని లేనట్టు చేయడం వాదన కాదు. పిల్ల కూడా ఆ దారి వదిలేసింది.)

మేనకోడలు: నేను ఎంఎస్‌ని తిట్టట్లేదు. ఇది వేరే పని అంటున్నా. ఎరాస్మస్ 1987లో పెట్టారు. అప్పుడు వెళ్ళింది పదకొండు దేశాల నుంచి 3,244 మంది. ఒక దేశం పిల్లలు ఇంకో దేశంలో కొన్నాళ్ళు చదివి, వెనక్కి వెళ్ళి తమ డిగ్రీ తామే పూర్తి చేసుకోవాలి. మొదటినుంచీ అదే పద్ధతి. 2015 తర్వాత యూరప్ బయటి దేశాలకీ తలుపు తీశారు. వెళ్ళి ఉండిపోవడానికి వేరే వీసాలు, వేరే చదువులు ఉన్నాయి. అది వలస. ఇది ఇచ్చిపుచ్చుకోవడం.

మావయ్య: పేరేదైతేనేం, అయిదు నెలల్లో ఏం నేర్చుకుంటారే? ఊరు తెలిసేసరికి టికెట్టు తేదీ వచ్చుద్ది. గుంటూరులో కుగ్లర్ ఆస్పత్రి కట్టిన దొరసాని ఉందే, ఆవిడ అమెరికా నుంచి ఎప్పుడొచ్చింది?

మేనకోడలు: అన్నా కుగ్లరా? 1883లో.

మావయ్య: ఎప్పుడు పోయింది?

మేనకోడలు: 1930లో.

మావయ్య: అదీ. నలభై ఏడేళ్ళు. ఆస్పత్రి తలుపు తెరవడానికే పదిహేనేళ్ళు పట్టింది. ఆమె ఎక్స్చేంజికి వచ్చిందా? ఆర్నెల్లకి పెట్టె సర్దుకుని పోయి ఉంటే మా అమ్మమ్మ కాలాన పురుళ్ళు ఎవరు పోసేవాళ్ళు? ఇంకోడు, మన భీమవరం ఆయన, మందులు కనిపెట్టినాయన...

మేనకోడలు: యల్లాప్రగడ సుబ్బారావు.

మావయ్య: ఆయన ఓ సెమిస్టరుకి ఎళ్ళాడా? బోస్టన్ పోయి, రాత్రిళ్ళు ఆస్పత్రిలో చాకిరీ చేసి, పాతికేళ్ళు ఆ దేశంలోనే ఉండబట్టి ఆ పని చేయగలిగాడు. పెద్ద పని చేసినోడెవడూ తిరుగు టికెట్టు జేబులో పెట్టుకుని ఎళ్ళలా.

మేనకోడలు: ఆయనకు డబ్బెవరిచ్చారో తెలుసా?

మావయ్య: ఎవరు?

మేనకోడలు: కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత. ఆయన మామగారు కొంత.

మావయ్య: చూశావా, అప్పుడూ మామలే.

మేనకోడలు: అల్లుడు మళ్ళీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు. 1948లో న్యూయార్క్‌లోనే పోయాడు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆయన ఫోలిక్ యాసిడ్ కోట్లమందికి అందింది, కాదనను. కానీ మన ఇళ్ళలో ఈ కథ చెప్పేటప్పుడు ఆ ఇంటి సంగతి ఎవరూ చెప్పరు. నువ్వు రంగా గారిని ఎందుకు చెప్పవు? ఇక్కడ నిడుబ్రోలు ఆయనేగా.

మావయ్య: ఎన్జీ రంగానా? ఆయన్ని మా నాన్న చూశాడు.

మేనకోడలు: గుంటూరు ఏసీ కాలేజీ నుంచి ఆక్స్‌ఫర్డు వెళ్ళాడు. 1926లో బి.లిట్. అయ్యాడు. తిరిగొచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో అర్థశాస్త్రం చెప్పాడు. నిడుబ్రోలులో రైతుల కోసం బడి పెట్టాడు. ఆక్స్‌ఫర్డులో చదివింది ఏం చేసుకోవాలో ఆయనకి ఇక్కడికొచ్చాకే తెలిసుంటుంది. అక్కడే ఉండిపోతే ఇంకో ప్రొఫెసర్ అయ్యేవాడు, అంతే.

మావయ్య: ఆయనా ఏళ్ళ తరబడి ఉన్నాడు. అయిదు నెలలు కాదు. నా మాటకి నువ్వు జవాబు చెప్పలా.

(చెప్పలేదు, నిజమే. ఈ పథకాల గురించి రాసే వాళ్ళెవరూ ఆ ప్రశ్న దగ్గర ఆగరు. అయిదు నెలల్లో భాష రాదు, స్నేహాలు పచ్చిగానే ఉంటాయి, ఊరు పూర్తిగా తెలియదు. అది ఒప్పుకుని మాట్లాడితేనే మిగతా మాటకు విలువ.)

మేనకోడలు: సరే, జవాబు చెప్తా. అయిదు నెలల్లో నేను జర్మనీని నేర్చుకోను. ఒక్క పని నేర్చుకుంటా. నువ్వీ కాయ ఎవరికి అమ్ముతావు?

మావయ్య: యార్డులో కమీషన్ వ్యాపారికి.

మేనకోడలు: అక్కణ్ణించి?

మావయ్య: తేజ రకం అయితే చైనా పోద్ది. ఆ మాత్రం తెలీదనుకున్నావా?

మేనకోడలు: యూరప్‌కి పోవాలంటే ఏం అడ్డొస్తుందో తెలుసా? అఫ్లటాక్సిన్. ఎండేటప్పుడు తేమ తగిలిన కాయలో బూజు పెడుతుంది చూడు, అది వదిలే విషం. వాళ్ళ హద్దు, బీ1 రకం అయితే కిలోకి 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10.

మావయ్య: మైక్రో అంటే నాకెట్టా తెలుసుద్ది? నా లెక్కలో చెప్పు.

మేనకోడలు: టన్ను కాయలో అయిదు మిల్లీగ్రాములు. చిటికెడు కారంలో కూడా అదెంతో భాగం కాదు. అది దాటితే సరుకు రేవులోనే ఆపేస్తారు. ఆపిన సంగతి ఒక్క రోజులో యూరప్ దేశాలన్నిటికీ పాకుతుంది. దానికో వ్యవస్థ ఉంది, 1979 నుంచి నడుస్తోంది. మన దేశపు మిర్చిని వాళ్ళు మామూలుకంటే ఎక్కువ పరీక్షించే జాబితాలో పెట్టారు.

మావయ్య: మరి 2003లో సుడాన్ రంగు కలిపారని గోల చేసింది వాళ్ళేనా?

మేనకోడలు: వాళ్ళే. ఫ్రాన్సులో పట్టుకున్నారు.

మావయ్య: అది రైతు చేసిన పని కాదు. కారం ఆడించి కల్తీ చేసినోళ్ళది. దెబ్బ మాత్రం మా ధర మీద పడింది.

మేనకోడలు: నేను చెప్పేదీ అదే. తప్పు ఎక్కడ జరిగినా దెబ్బ కల్లం దాకా వస్తుంది, వాళ్ళ ప్రశ్న మాత్రం కల్లం దాకా రాదు. మూటలు కట్టేముందు కాయ మీద నీళ్ళు చల్లుతావు కదా?

మావయ్య: చల్లకపోతే తొక్కేటప్పుడు చిట్లిపోద్ది. చిట్లిన కాయకి ధర ఎవడిస్తాడు? ఆ నీళ్ళకి కాస్త తూకం కూడా... (నన్ను చూసి ఆగాడు.)

మేనకోడలు: ఆ నీళ్ళ వల్ల అక్కడి లాబులో ఏం జరుగుతుందో నేను కళ్ళారా చూసొస్తా. నేను తీసుకునే నాలుగు సబ్జెక్టుల్లో ఒకటి పూర్తిగా ఆహార పరీక్షల లాబే.

మావయ్య: ఆగాగు. ఆ పరీక్ష గుంటూరులోనే చేస్తున్నారు. స్పైసెస్ బోర్డుకి లాబ్ ఉంది. ఎగుమతి వ్యాపారులు అక్కడే చేయిస్తారు. బస్సు ఎక్కితే అరగంట. దానికి జర్మనీ ఎందుకు?

(నాకు ఈ ప్రశ్న చాలా నచ్చింది. పిల్ల కూడా వెంటనే జవాబివ్వలేదు. తాలు కాయ ఒకటి ఏరి పక్కన పడేసింది.)

మేనకోడలు: మిషను అదే, మావయ్యా. పద్ధతీ అదే. కూర్చున్న చోటే వేరు. ఇక్కడ పాస్ అవుతుందా లేదా అని చూస్తాం. అక్కడ ఏం దొరికితే ఆపాలి అని చూస్తారు. నమూనా ఏ మూటలోంచి తీస్తారు, ఎన్ని చోట్ల తీస్తారు, పాత రికార్డు చూసి ఎవర్ని ఎక్కువ పరీక్షిస్తారు, అది కొనేవాడి వైపు కూర్చుంటేనే తెలుస్తుంది. బూజు టన్నంతా సమంగా ఉండదు, ఒక మూలలో ఉంటుంది. కాబట్టి ఎక్కణ్ణించి తీశారన్నదే సగం ఫలితం. ఇది నాకు పుస్తకంలో కూడా దొరుకుతుంది. కానీ చేసేవాళ్ళ పక్కన నిలబడితే వాళ్ళు పుస్తకంలో రాయనివి కూడా తెలుస్తాయి.

మావయ్య: తెలిసి?

మేనకోడలు: ఈ కల్లానికి వస్తా. తిరిగి రాని వాడికి అది తెలిసినా నీకేం లాభం?

మావయ్య: నాకు లాభం సరే. నీకు? వచ్చాక ఏ కంపెనీలోనో పాతిక వేల జీతం. అక్కడ ఉండిపోతే నెలకి రెండు మూడు లక్షలు. మేనమామ కల్లం బాగుపడాలని మేనకోడలు పేదగా ఉండాలా? నేనంత దుర్మార్గుణ్ణా?

మేనకోడలు: అదింకా తేల్చుకోలేదు. తర్వాత ఎంఎస్‌కి వెళ్తానేమో కూడా. ఒకసారి వెళ్ళొస్తే దేనికి వెళ్ళాలో తెలిసి వెళ్తా. ఇప్పుడు వెళ్తే మన బజార్లో అందరూ వెళ్ళారని వెళ్తా.

మావయ్య: సరే, ఆ చదివింది ఇక్కడ లెక్కలోకి వస్తదా? మన యూనివర్సిటీ వాళ్ళు పక్క కాలేజీ మార్కులే ఒప్పుకోరు.

మేనకోడలు: బయల్దేరే ముందే కాగితం రాస్తారు. నేను, మా కాలేజీ, అక్కడి యూనివర్సిటీ, ముగ్గురమూ సంతకం. అక్కడ ఈ సబ్జెక్టు చదివితే ఇక్కడ ఆ సబ్జెక్టు చదివినట్టు. వాళ్ళ లెక్కలో సెమిస్టరుకి 30 క్రెడిట్లు. మావి ఇరవై చిల్లర. మార్కులు కూడా తలకిందులు. అక్కడ ఒకటి వస్తే ఫస్టు, నాలుగు దాటితే ఫెయిలు.

మావయ్య: ఒకటి వస్తే ఫస్టా! చిన్నప్పుడు లెక్కల్లో మీ అమ్మ అక్కడ ఫస్టొచ్చేది.

మేనకోడలు: రెండు సబ్జెక్టులు కలవలేదు. అవి నవంబర్లో ఇక్కడ సప్లీ వాళ్ళతో కూర్చుని రాయాలి.

మావయ్య: అదీ! మెలిక ఇప్పుడు చెప్తున్నావు.

మేనకోడలు: దాచితే నువ్వే కనుక్కుంటావు కదా. 2022లో యూజీసీ కొత్త నిబంధనలు పెట్టింది. విదేశీ యూనివర్సిటీతో కలిసి నడిపే ట్విన్నింగ్ డిగ్రీలో ముప్ఫై శాతం క్రెడిట్లు బయట చదవొచ్చు. నాది ఆ కోర్సు కాదు, ఉత్త ఎక్స్చేంజి. కానీ గాలి అటే వీస్తోంది. నా జూనియర్లకి ఈ సప్లీ గోల ఉండదు.

మావయ్య: జూనియర్ల కోసం నువ్వు పరీక్ష రాస్తావా? పిచ్చిపిల్ల. సరే, తిండి? అక్కడ బ్రెడ్డు, బంగాళదుంప. కారం పంపిస్తాలే. నెయ్యి రెండు కిలోలు, కరివేపాకు తడిగుడ్డలో చుట్టి...

మేనకోడలు: నెయ్యి పట్టుకెళ్ళనివ్వరు. పాలతో, మాంసంతో చేసింది ఏదీ బయటి దేశాల నుంచి సంచిలో రాకూడదు. పచ్చి కరివేపాకూ కుదరదు. 2019 డిసెంబర్ నుంచి పండు, ఆకు, మొక్క ఏదైనా తెగుళ్ళు లేవని ప్రభుత్వ సర్టిఫికెట్ ఉండాలి. అయిదింటికే మినహాయింపు. అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, దురియన్ అని ఇంకో పండు.

మావయ్య: దేవుడి పళ్ళెంలోవే వదిలేశారు. కరివేపాకు ఏం చేసింది పాపం?

మేనకోడలు: దాని మీద వచ్చే పురుగుకి వాళ్ళ నిమ్మతోటలు భయపడతాయి. నిమ్మ, కరివేపాకు ఒకటే కుటుంబం. నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మన చేలకి ఏమైందో నీకు నేను చెప్పాలా?

మావయ్య: అవునులే. అది మనూరికి ఎట్టా వచ్చిందో ఇప్పటికీ ఎవడూ చెప్పడు. ఎవడో ఒకడు సంచిలో తెచ్చే ఉంటాడు.

(2021-22లో నల్ల తామర పురుగు ఈ ప్రాంతపు మిర్చిని ఊడ్చేసింది. దాని పేరెత్తగానే మావయ్య గొంతులో వెటకారం పోయింది. మాట మార్చడానికన్నట్టు, ఆయనే వేరే దారి పట్టాడు.)

మావయ్య: మరి ఇచ్చిపుచ్చుకోవడం అన్నావు. మనం ఇస్తున్నాం, పిల్లని. వాళ్ళేం ఇస్తున్నారు?

మేనకోడలు: వాళ్ళ పిల్ల ఒకతె వచ్చే జనవరిలో మా కాలేజీకి రావొచ్చు. ఇంకా ఖాయం కాలేదు.

మావయ్య: ఇక్కడికా? పెదకాకానికి? ఎందుకొచ్చుద్ది?

మేనకోడలు: ఎందుకు రాదు? నాగార్జున యూనివర్సిటీలో ఆఫ్రికా పిల్లలు లేరూ? 1976లో పెట్టిన యూనివర్సిటీ మన మండలంలో ఉంది కాబట్టి మనకి అది గేటు, బస్టాపు. వాళ్ళకి అది విదేశం. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో అయితే 1998 నుంచి విదేశీ పిల్లల కోసమే ఒక కార్యక్రమం నడుపుతున్నారు. ఒక సెమిస్టరు ఉండి వెళ్తారు.

మావయ్య: ఆఫ్రికా పిల్లలు మన నంబూరు సంతలో కూరగాయలు బేరమాడటం నేనూ చూశా. తెలుగులో. మా వాళ్ళకంటే గట్టిగా ఆడతారు. వాళ్ళూ చదువయ్యాక పోతారుగా?

మేనకోడలు: చాలామంది పోతారు. ఎవరూ వాళ్ళని వీసా పీకి పంపించేశారనుకోరు.

(మావయ్య దీనికి జవాబు చెప్పలేదు. కాయను కాలితో తిరగేస్తూ కాసేపు నడిచాడు. నా వైపు తిరిగి "మీరేమంటారు మాస్టారూ" అన్నాడు. మూడు లక్షలు మీవి, నేనేమంటాను అన్నాను. అది తప్పించుకోవడమే. అసలు నా అనుమానం ఒకటుంది: ఆయన బాధ డబ్బు గురించి కాదు. పిల్ల అమెరికా వెళ్తే ఆయన పదిమందికి చెప్పుకోగలడు. ఇదేమిటో చెప్పుకోవడానికి ఆయన దగ్గర మాటల్లేవు.)

మావయ్య: వచ్చే పిల్ల ఎక్కడుంటది?

మేనకోడలు: హాస్టలుందిగా. కానీ ఎవరింట్లోనైనా ఉంటే బాగుంటుందని మా సార్ అంటున్నాడు.

మావయ్య: మా మేడమీద గది ఖాళీనే. బాత్రూములో గీజరు లేదు. జనవరి అంటే మళ్ళీ కాయ కోతలు, ఇంట్లో అంతా ఘాటే. తట్టుకుంటదా?

మేనకోడలు: ఆ పిల్లదీ ఫుడ్ టెక్నాలజీయే. కల్లం చూపిస్తే కదలదు.

మావయ్య: కల్లంలో నీళ్ళు చల్లేటప్పుడు మాత్రం తీసుకురాకు. అద్దె ఎంతిస్తారు?

మేనకోడలు: అద్దె అడుగుతావా మావయ్యా!

మావయ్య: నువ్వు అక్కడ గదికి కట్టవా? కడతావు. ఇచ్చిపుచ్చుకోవడం అన్నాక రెండు వైపులా ఉండాలి. సరే విను. ఏసీ గోదాంలో నలభై టిక్కీల కాయ ఉంది. ఈ వారం రేటు చూసి తీయిస్తా. రెండు లక్షలు నావి. మూడోది మీ నాన్న. ఒప్పుకున్నానని మాత్రం అనుకోకు. ఉగాదికి మీ ఇంటికొచ్చినప్పుడు అమెరికా మాట మళ్ళీ ఎత్తుతా.

మేనకోడలు: ఉగాదికి ఎత్తు. ఏప్రిల్లో నేనుండను.

మావయ్య: ఫోన్లో ఎత్తుతాలే. మాస్టారూ, మీకు ఎన్ని కిలోలు? ఇది తేజ, ఘాటు జాస్తి. సన్నాలు కావాలంటే పక్క కల్లంలో చూడండి, కాకపోతే వాడు నాకంటే ఎక్కువ నీళ్ళు చల్లుతాడు.